ఆ పగులు ఎవరు పెట్టారు?

"ఇక ఆ లాగుడు మిషన్లన్నీ పాత ఇనుముకి అమ్మేసుకోవచ్చు."

ఈ మాట అన్నది మెటీరియల్స్ సైన్సులో పెద్ద డిగ్రీ ఉన్న పెద్దమనిషి. ఒక సెమినార్లో, తెర మీద రంగురంగుల గోళీలు రెండు పక్కలకీ చీలిపోతున్న సినిమా ఆడుతుండగా, నా వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు. ముప్ఫయ్యేళ్లు లోహాల్ని లాగి, వంచి, కొట్టి, విరగ్గొట్టి జీతం తీసుకున్నవాణ్ణి కదా, ఆ నవ్వు నా కోసమే. మర్యాదకి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఆయన ఒక్కడి మాటే అయితే వదిలేద్దును. ఇప్పుడు ఎక్కడ విన్నా ఇదే వాదం. వస్తువు విరగడమంటే పరమాణువుల మధ్య బంధాలు తెగడమే. ఆ బంధాల లెక్క భౌతికశాస్త్రానికి తెలుసు. కాబట్టి కంప్యూటర్లో పరమాణువుల్ని పేర్చి లాగితే ఎక్కడ విరుగుతుందో, ఎప్పుడు విరుగుతుందో, ఎంత బరువుకి విరుగుతుందో కళ్ల ముందే తేలిపోతుంది. ఇవాళ లెక్కకీ నిజానికీ కాస్త తేడా వస్తోందంటే కంప్యూటర్ చాలకపోవడం వల్లే, రేపు ఇంకా పెద్దది వస్తుంది. మొదటి రెండు వాక్యాలతో నాకు పేచీ లేదు. "కాబట్టి" దగ్గరే అసలు తగాదా.

ముందు ఆ సినిమాల్లో అన్నిటికన్నా పేరు మోసినదాన్ని చూద్దాం. 2002లో ఐబీఎం శాస్త్రవేత్త ఫరీద్ అబ్రహామూ, అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ లేబొరేటరీ వాళ్లూ కలిసి, అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగమైన ఆస్కీ వైట్ కంప్యూటర్ మీద వంద కోట్ల పరమాణువుల స్ఫటికాన్ని సాగదీసి చూపించారు. అద్భుతమైన పని, అందులో అనుమానం లేదు. కాని వంద కోట్లు అనగానే కళ్లు చెదిరే ముందు ఆ స్ఫటికం ఎంతో చూసుకోవాలి. వెయ్యి పొడవు, వెయ్యి వెడల్పు, వెయ్యి ఎత్తు. అంటే ఒక్కో భుజం మైక్రానులో పావు వంతు, మహా అయితే మూడో వంతు. తల వెంట్రుక మందాన అలాంటివి రెండు మూడు వందలు పక్కపక్కన పడతాయి. ఒక మిల్లీమీటరు ఇనుప ఘనంలో ఉండే పరమాణువులతో అలాంటి స్ఫటికాలు చెయ్యాలంటే దాదాపు ఎనిమిదిన్నర వేల కోట్లు చెయ్యొచ్చు. పైగా అందులో ఉన్నది రాగీ కాదు, ఇనుమూ కాదు. దగ్గరికొస్తే తోసుకుని, దూరమైతే లాక్కునే లెన్నార్డ్-జోన్స్ సూత్రానికి కట్టుబడిన ఊహా పదార్థం. ఆ సంగతి వాళ్లే రాశారు. దాచింది వాళ్లు కాదు, వాళ్ల పేరు చెప్పుకుని తిరిగేవాళ్లు.

అయినా నా ఫిర్యాదు సంఖ్య గురించి కాదు. సంఖ్య పెరుగుతుంది, పెరుగుతూనే ఉంది. నాకు పట్టుకున్నది వేరే సందేహం. సెమినార్లో ప్రశ్నల వంతు రాగానే అదే అడిగాను: "బాబూ, ఆ పగులు ఎవరు పెట్టారు?"

చెబుతున్న కుర్రాడు నిజాయితీపరుడు. "నేనే సార్. నడిమధ్యన కొన్ని వరసల పరమాణువులు తీసేశాను" అన్నాడు.

ఇలాంటి సినిమాల్లో నూటికి తొంభై ఇలాగే మొదలవుతాయి. గాటు ముందే పెట్టి ఉంటుంది. అది ఎలా పెరుగుతుందో చూపిస్తారు. పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? ఏ లోపమూ లేని ఇనుప స్ఫటికాన్ని లెక్కలో లాగితే అది పదివేల మెగాపాస్కల్‌లు దాటినా తెగదు. మన ఇళ్ల స్లాబుల్లో వేసే ఎఫ్‌ఈ 500 కడ్డీ 500 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. ఇరవై రెట్ల తేడా! మరి లెక్క తప్పా? కాదు. లేని ఇనుముకి కట్టిన సరైన లెక్క అది.

ఈ సంగతి కంప్యూటర్లు పుట్టకముందే తేలింది. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో పనిచేసిన గ్రిఫిత్ 1921లో అచ్చయిన వ్యాసంలో గాజు తీగల్ని లాగిన లెక్కలు ఇచ్చాడు. మిల్లీమీటరు మందమున్న తీగ కన్నా, మందంలో దానికి మూడు వందల వంతైనా లేని సన్న తీగ, చదరపు అంగుళానికి ఇరవై రెట్లు ఎక్కువ బరువు మోసింది. అదే గాజు, అవే సిలికాన్ ఆక్సిజన్ బంధాలు. మారిందల్లా లోపల దాక్కోగల పగులు పరిమాణం. సన్న తీగలో పెద్ద పగులుకి చోటుండదు. బలాన్ని నిర్ణయించేది బంధం కాదు, లోపం అని గ్రిఫిత్ తేల్చి నూరేళ్లు దాటింది. మనమేమో వంద కోట్ల బంధాల్ని లెక్కపెట్టి, లోపాన్ని చేత్తో గీసిపెట్టి, బలం కనుక్కున్నామంటున్నాం. పెళ్లికొడుకుని మనమే కూచోబెట్టి, స్వయంవరం జరిగిందని చాటినట్టుంది.

దీనికి వాళ్ల జవాబు నాకు తెలుసు: "లోపాలూ పరమాణువుల అమరికే కదా. అమరికంతా ఇచ్చేస్తే సరి." ఇచ్చేది ఎవరు? ఆ కడ్డీ కొలిమిలో ఎలా చల్లారిందో, ఏ రోలర్ కింద నలిగిందో, లారీలోంచి దించేటప్పుడు దేనికి తగిలిందో, అదంతా ఇప్పుడు దాని ఒంట్లో ఎక్కడెక్కడ రాసి ఉందో ఎవరు చెబుతారు? విరగడం పదార్థపు జాతికి సంబంధించిన సంగతి అనుకుంటాం గాని, చాలా వరకు ఆ ముక్క జీవిత చరిత్రకి సంబంధించిన సంగతి. దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా కఠినమైన సాక్ష్యం కామెట్ విమానం.

డి హావిలాండ్ కంపెనీ చేసిన కామెట్ ప్రయాణికుల జెట్ విమానాల్లో మొట్టమొదటిది. 1954 జనవరి 10న ఒకటి ఎల్బా దీవి దగ్గర గాల్లోనే ముక్కలైంది, అప్పటికి అది ఎగిరింది 1,290 సార్లు. ఏప్రిల్ 8న మరొకటి నేపుల్స్‌కి దక్షిణాన సముద్రంలో పడింది, అది 900 సార్లు. కంపెనీ పరీక్ష చెయ్యకపోలేదు. క్యాబిన్ ముక్కని గాలి నింపుతూ తీస్తూ పరీక్షిస్తే దాదాపు 16,000 సార్లు తట్టుకుంది. అదే అల్యూమినియం మిశ్రమం, అవే కొలతలు, అవే కిటికీలు. మరి పదో వంతైనా కాకముందే ఎందుకు పోయాయి? పరీక్షకి పెట్టిన ఆ ముక్కనే అంతకుముందు బలం చూడ్డానికి రెట్టింపు పీడనం పెట్టి ఉబ్బించారు. అప్పుడు కిటికీ మూలల్లో లోహం కొద్దిగా సాగి, పీడనం తీసేశాక అక్కడ నొక్కుడు మిగిలిపోయింది. నొక్కుడున్న చోట పగులు తొందరగా పెరగదు. అంటే బలాన్ని పరీక్షించబోయి తెలియకుండా బలమే పోశారు. ఫార్న్‌బరోలో నీళ్ల తొట్టి కట్టి, అప్పటికే ఎగిరిన మరో విమానపు క్యాబిన్‌ని మొత్తంగా ముంచి పీడనం పెట్టి తీస్తే, గాల్లో ఎగిరినవీ తొట్టిలోవీ కలిపి 3,057 సార్లకి అది చిరిగింది.

ఈ కథని పరీక్షశాలల గొప్పకి చెప్పడం లేదు. మొదట మోసపోయిందీ పరీక్షశాలే. నేను చెప్పేది ఒక్కటే. 16,000 సార్లు నిలిచిన ముక్కకీ, 900 సార్లకే పోయిన విమానానికీ పరమాణువుల జాతిలో, బంధాల బలంలో పిసరంత తేడా లేదు. తేడా అంతా చరిత్రలో ఉంది. బంధం మొదలుకొని లెక్క కట్టేవాడికి ఆ చరిత్ర ఏ సమీకరణంలోంచీ రాదు. ఎవరో చూసి, కొలిచి, తెచ్చి ఇవ్వాలి. ఆ ఎవరో పనిచేసే చోటినే అమ్మేసుకోమంటున్నారు.

ఇక కాలం సంగతి. పెద్ద కంప్యూటర్ వస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లకి అన్నిటికన్నా గట్టి దెబ్బ తగిలేది ఇక్కడే.

పరమాణువులు ఊగే వేగం అలాంటిది గనక ఈ లెక్కలో ఒక్కో అడుగూ ఫెమ్టోసెకను దరిదాపుల్లో ఉండాలి. ఒక్క సెకను గడవాలంటే ఒకటి పక్కన పదిహేను సున్నాలన్ని అడుగులు. ఒక్కో అడుగుని మిల్లీసెకనులో ముగించే కంప్యూటర్ మీ దగ్గరుందనుకోండి, ఆ ఒక్క సెకనుకి ముప్ఫై వేల ఏళ్లకి పైన పడుతుంది. అందుకే అంతా నానోసెకన్లలో ముగిస్తారు. మా మిషన్ పదిహేను, ఇరవై నిమిషాల్లో సాగదీసేంత సాగుని నానోసెకనులో సాగదీస్తారు. అంటే లక్ష కోట్ల రెట్ల తొందర. యంత్రాలు పెంచితే ఇది తీరదా? తీరదు. ఒక అడుగు పూర్తయితే గాని తర్వాతి అడుగు మొదలు కాదు. యంత్రాల సంఖ్య పెంచి ఎక్కువ పరమాణువుల్ని మొయ్యొచ్చు గాని ఎక్కువ కాలాన్ని మొయ్యలేం. కూలీలు పది మంది బదులు వంద మంది వస్తే కోత ఒక్క పూటలో అయిపోతుంది. పంట ఒక్క రోజు ముందు పండదు.

"తొందరగా లాగితే ఏమైంది? అంకె కాస్త ఎక్కువొస్తుంది, సర్దుకుంటాం" అంటారు. మారేది అంకె ఒక్కటే అయితే నేనీ వ్యాసం రాయను. జాతరలో జీళ్ల పాకాన్ని మేకుకి తగిలించి లాగేవాణ్ణి చూసే ఉంటారు. మెల్లగా లాగితే బారెడు సాగుతుంది. అదే పాకాన్ని ఒక్క గుంజు గుంజితే పుటుక్కున తెగుతుంది. అది తక్కువ సాగడం కాదు, అసలు తీరే వేరు. లోహాల్లోనూ అంతే. అల్యూమినియంలో పగులు మొన దగ్గర కంప్యూటర్ సినిమాల్లో స్ఫటికం అద్దంలో ప్రతిబింబంలా మడతపడి జంట స్ఫటికం పుట్టడం కనిపించేది. ప్రయోగాల్లోనేమో మామూలు డిస్లొకేషన్లే, అంటే స్ఫటికం పొరలు ఒకదాని మీద ఒకటి జారడమే కనిపించేది. ఎవరిది తప్పు? 2007లో వార్నర్, కర్టిన్, చూ అనే ముగ్గురు నేచర్ మెటీరియల్స్ పత్రికలో దాన్ని విడమరిచారు. ఇద్దరిదీ తప్పు కాదు. అతివేగంగా లాగినప్పుడు గెలిచే దారి వేరు, మన కాలంలో లాగినప్పుడు గెలిచే దారి వేరు. చూడండి, లెక్కలో దోషం లేదు, కంప్యూటర్‌లో దోషం లేదు, అయినా తెర మీద జరిగింది లోకంలో జరగదు.

కాలాన్ని దొడ్డిదారిన దాటే పద్ధతులు లేకపోలేదు. ఆర్థర్ వోటర్ 1997 నుంచి అలాంటివి చూపిస్తూనే ఉన్నాడు. పరమాణువులు ఒక శక్తి గుంతలో చాలాసేపు ఊగి, ఎప్పుడో ఒకసారి పక్క గుంతలోకి దూకే చోట అవి బాగా పనిచేస్తాయి. పగులు మొన దగ్గర అంత నింపాదిగా ఉండదు వ్యవహారం. చిన్నా పెద్దా గుంతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

ఇటు జపాన్ మెటీరియల్స్ సంస్థ నిమ్స్ చేసిన పని చూడండి. 1969లో ఒక కార్బన్ స్టీలు ముక్కకి బరువు తగిలించి, వేడి పెట్టి వదిలారు. 2011 దాకా, నలభై ఏళ్లకు పైగా, అది ఎంత సాగుతోందో కొలుస్తూ కూచున్నారు. తగిలించినవాళ్లు రిటైరై ఉంటారు. బాయిలర్ గొట్టం బతుకు అలాంటి బతుకు. దాన్ని నానోసెకను సినిమాతో తేల్చేస్తామంటే బాయిలర్ పక్కన నిలబడి పనిచేసేవాడు ఒప్పుకోకూడదు.

మూడోది, బంధాల లెక్క మనకి తెలుసన్న మాట. సూత్రప్రాయంగా తెలుసు. కాని కోట్ల పరమాణువులకి క్వాంటం లెక్క కట్టలేం గనక దాని బదులు చేత్తో అమర్చుకున్న సూత్రాలు వాడతారు. సిలికాన్‌కి స్టిలింగర్, వెబర్ 1985లో ఒకటి ఇచ్చారు, కరగడం, గడ్డకట్టడం లాంటివి చక్కగా చూపిస్తుంది. దాన్నే తీసుకుని పగలగొట్టబోతే సిలికాన్ గాజులా పగలడం మానేసి పగులు మొన మొద్దుబారి కూచుంది. నిజం సిలికాన్ పలక గది వేడిలో ఎలా పగులుతుందో చేతిలోంచి జార్చినవాడికల్లా తెలుసు. 1998లో హాలండ్, మార్డర్ ఆ సూత్రంలో ఒక భాగాన్ని బలపరిస్తే గాని అది గాజులా పగల్లేదు. కార్బన్‌ది మరీ చోద్యం. బాగా ప్రచారంలో ఉన్న బ్రెన్నర్ సూత్రంలో, బంధం ఒక దూరం దాటాక లెక్కలోంచి తీసేసే కత్తెర ఉంది. తెగబోయే ముందు ఆ కత్తెర వల్ల బంధానికి లేని బలం వస్తుంది. అందుకని నానోట్యూబులు తెంచేవాళ్లు ఆ కత్తెరని కాస్త పక్కకి జరుపుతారు. జరపడం తప్పు కాదు, అవసరమే. అయితే ఎందుకు జరిపారు? అసలు జవాబు వేరే చోట నుంచి తెలుసు కాబట్టి. తెలియని కొత్త మిశ్రమం వచ్చినప్పుడు ఎంత జరపాలో ఎవరు చెబుతారు?

ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ వచ్చింది, ఇలా చేత్తో అమర్చుకునే రోజులు పోయాయంటున్నారు. కొంత నిజం, ఒప్పుకుంటాను. 2018లో బార్తోక్ బృందం చేసిన సిలికాన్ నమూనా పగుళ్లని కూడా సరిగ్గానే పట్టుకుంది. 2020లో గోర్డన్ బెల్ బహుమతి పొందిన పని పది కోట్ల పరమాణువుల దాకా వెళ్లింది. సంతోషం. దీంతో మూడో అభ్యంతరం బాగా పలచబడింది. మొదటి రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకా చక్కటి బంధం వచ్చినంత మాత్రాన కిటికీ మూల చరిత్ర రాలేదు, ఫెమ్టోసెకను పెద్దది కాలేదు.

ఇంతా చదివి, "చూశారా, మేమెప్పుడో చెప్పాం, అదంతా బొమ్మలాట" అని చంకలు గుద్దుకునే మా పరీక్షశాల సోదరులకి కూడా ఒక మాట. మీతోనూ నాకు పొత్తు కుదరదు. జారుడు పగులు ఒక హద్దు వేగం దాటలేదని చాలాకాలం చదువుకున్నాం. 1999లో కాలిఫోర్నియాలో రొసాకిస్ బృందం ప్లాస్టిక్ పలకలో ఆ హద్దు దాటి దూసుకుపోయే పగుళ్లని ఫొటో తీసింది. దాటడం ఎలా సాధ్యం? 2000లో అబ్రహాం, గావ్ కలిసి పరమాణువుల లెక్కలో చూపించారు. తల్లి పగులు హద్దు దగ్గర ఆగుతుంది, దానికి కొంచెం ముందు పిల్ల పగులు పుట్టి హద్దుకి అవతల నుంచి పరుగెత్తుతుంది. భూకంపాల వాళ్లు 1970లలోనే సమీకరణాల్లో చూసిన దృశ్యమే పరమాణువుల మధ్య కూడా కనిపించింది. ఏ మిషనూ నాకు ఆ పిల్ల పగులుని అంత దగ్గరగా చూపించలేదు. అలాగే స్ఫటిక రేణువులు చిన్నవయ్యేకొద్దీ లోహం గట్టిపడుతుందన్న పాత సూత్రం రాగిలో 10 నుంచి 15 నానోమీటర్ల దగ్గర ఎదురుతిరుగుతుందనీ, ఎందుకు తిరుగుతుందో కూడా, డెన్మార్క్‌లో షియోట్జ్, యాకబ్‌సెన్ 2003లో లెక్కలోనే చూపించారు. ఎలా విరుగుతుంది అని అడిగితే ఈ లెక్క బంగారం. ఎప్పుడు విరుగుతుంది, ఎంతకి విరుగుతుంది అని అడిగినప్పుడే అది నోటికొచ్చిన అంకె చెబుతుంది.

ఈ తేడా బాగా తెలిసినవాడు మనవాడే ఒకడుండేవాడు. అనీసుర్ రహమాన్ హైదరాబాదులో పుట్టాడు. అమెరికాలో ఆర్గోన్ నేషనల్ లేబొరేటరీలో కూచుని 1964లో 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవం ఎలా కదులుతుందో లెక్క కట్టాడు. ఇవాళ్టి ఈ పద్ధతులన్నిటికీ ఆ వ్యాసం పునాదిరాయి. 864! ఆయన ఎంచుకున్నది తన సూత్రం నిజంగా చెల్లే ఆర్గాన్‌ని, అడిగింది పికోసెకన్లలో తేలిపోయే ప్రశ్నని, వచ్చిన జవాబుని అప్పటికే ఉన్న ఎక్స్-రే కొలతల పక్కన పెట్టి చూశాడు. తర్వాత 1981లో పరినెల్లోతో కలిసి నికెల్ స్ఫటికాన్ని లాగి, నొక్కి చూసే పద్ధతీ ఇచ్చాడు. ఆయన పేరుతో అమెరికన్ ఫిజికల్ సొసైటీ బహుమతి ఇస్తుంది. మన ఊళ్లో ఆయన పేరు తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి నాకింతవరకు ఎదురుపడలేదు. అది వేరే బాధ.

మరి ఇంత కనబడుతున్నా ఆ వాదం ఎందుకు చెల్లుతోంది? నా ఉద్దేశంలో కారణం భౌతికశాస్త్రంలో లేదు, డబ్బులో ఉంది. ఈ లెక్కలు కట్టే ల్యాంప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, శాండియా లేబొరేటరీ వాళ్లు అందరికీ ఇచ్చేశారు. పది నిమిషాల్లో దిగుతుంది. పదే పదే లాగి వదిలి చూసే మంచి ఫెటీగ్ మిషన్ కోట్లలో ఉంటుంది, దానికి ఆపరేటరు కావాలి, ఆయిల్ మార్చాలి, శాంపిల్ కోయించాలి, ఏసీ చెడిపోతే టెస్టు ఆగిపోతుంది. ఆరు నెలల్లో పేపర్ రావాలన్న గైడుకి ఏది ముద్దు? కుర్రాళ్లని తప్పుపట్టను. మిషన్ లేని కాలేజీలో చదువుకున్నవాడు ఉన్నదాంతో పనిచేశాడు. లేమిని శాస్త్ర ప్రగతి అని పేరు మార్చి అమ్మేవాళ్ల మీదే నా కోపం.

సెమినార్లో సినిమా చూపించిన కుర్రాడు తర్వాతి వారం మా ల్యాబుకి వచ్చాడు. నేను పిలవలేదు, వాడే వచ్చాడు. ఫెటీగ్‌లో విరిగిన ఒక ఉక్కు షాఫ్టు ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి ఇచ్చాను. విరిగిన మొహం మీద, చెరువు ఎండుతున్నప్పుడు గట్టున మిగిలే గీతల్లాంటి గీతలు, అన్నీ ఒక అంచు వైపు ముడుచుకుంటూ పోతాయి. వాడు ఆ గీతలు పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్లి, ఉపరితలానికి కాస్త లోపల ఒక బూడిద రంగు నలుసు దగ్గర ఆగాడు.

"ఇదేంటి సార్?"

"మాంగనీస్ సల్ఫైడ్. ఉక్కు కరిగించినప్పుడు మిగిలిపోయింది."

వాడు చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి తన ఫైలు తెరిచాడు. మూలకాల పేర్లు రాసే చోట ఒక్కటే ఉంది. ఇనుము.